కోరా బట్టపై పువ్వు: అక్రిలిక్ రంగులతో తొలి పాఠము

భివండి సాంచాల మీద దిగే బట్టలో అధిక భాగము కోరాగానే ఊరు దాటిపోవును. తాకాలు మడతపెట్టి లారీకి ఎక్కించిన తరువాత ఆ బట్ట సంగతి మనకు తెలియదు. సూరతులోనో, అహ్మదాబాదులోనో, రాజస్థానపు బాలోత్రలోనో దానికి రంగు పట్టును, పువ్వు అచ్చు పడును. మరల అదే బట్ట దుప్పటిగానో పరికిణీగానో మన బజారుకే వచ్చినను, నేసినవాడు దానిని గుర్తుపట్టలేడు. తరతరాలుగా దారముతో బ్రతుకుచున్న మన ఇండ్లలో రంగును గురించి తెలిసినది ఇంత తక్కువ కావడమునకు కారణము ఇదియే.

ఈమధ్య మా ఇరుగుపొరుగున కొందరు ఆడపిల్లలు, కోడండ్రు అక్రిలిక్ రంగుల డబ్బాలు తెచ్చి, ఇంటిలో మిగిలిన ఫెంటు ముక్కలపై పువ్వులు వేయుచున్నారు. మంచి పని. కాని వేసినవి చూపి అడిగే ప్రశ్నలు మాత్రము ఎప్పుడును ఒకటే. ఉతికితే రంగు ఎందుకు ఊడుచున్నది? పసుపు వేస్తే మురికిగా ఎందుకు కనబడుచున్నది? అన్నిటికంటె ముఖ్యముగా, ఇంత కష్టపడి వేసినది పువ్వులా ఎందుకు లేదు? కుంచె ఎన్నడును పట్టనివారికి పనికివచ్చునట్లు వీటికి సమాధానములు ఇక్కడ వ్రాయుచున్నాను. నేను చిత్రకారుడను కాను. తప్పులు చేసి నేర్చుకొన్న నేతవాడను మాత్రమే.

మొదట మా ఇంటి తప్పు చెప్పెదను. ఒక దుకాణమువారు పన్నెండు దిండు గలీబులపై పువ్వులు వేసి ఇమ్మని అడిగినారు. బట్ట మన సాంచాదే, నిండు నూలు. నేనును మా కోడలును కూర్చుండి పది రాత్రులు వేసినాము. చూచినవారందరు మెచ్చుకొన్నారు. సరుకు ఇచ్చిన పదిహేను రోజులకు పన్నెండును తిరిగి వచ్చినవి. ఒక్క ఉతుకుకే రేకులు చేప పొలుసులవలె లేచిపోయినవి. కొన్నిచోట్ల పువ్వు ఆకారమున తెల్లని మచ్చ మాత్రము మిగిలినది. తీసికొన్న సొమ్ము తిరిగి ఇచ్చివేసినాము. రంగు నకిలీదని నేను చాల రోజులు అనుకొన్నాను. తప్పు రంగుది కాదు, మా బట్టది. ఇంకను సరిగా చెప్పవలెనన్న, బట్ట సంగతి అందరికంటె బాగుగా తెలిసియుండియు మరచిపోయిన నాది.

పడుగు బీము సైజింగు నుండి వచ్చునని మనకు తెలియనిది కాదు. ఒక్కొక్క పోగుపైన గంజి పొర ఉండును. గంజితోపాటు పి.వి.ఎ. వంటి జిగురు, మెత్తదనమునకు కొవ్వు పదార్థము కలుపుదురు. నేయునపుడు పోగు తెగకుండ కాపాడేది ఆ పొరయే. రంగును లోనికి పోనీయక ఆపేది కూడ ఆ పొరయే. దానిపై వేసిన రంగు పోగును పట్టుకొనదు, గంజిని పట్టుకొనును. ఉతికినప్పుడు గంజి కరిగి పోవును, దానితో రంగును పోవును. దీనికి తోడు సాంచా నూనె మరకలు. చేతికి తెలియనంత పలుచని నూనె ఉన్నను రంగు నిలువదు.

కావున కుంచె కొనుటకు ముందు చేయవలసిన పని బట్టను శుద్ధిచేయుట. నూలు బట్టయైనచో ముక్కను రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఉదయము బాగుగా పిండవలెను. తరువాత లీటరు నీటికి ఒక చెంచాడు చాకలి సోడా, కొద్దిగా సబ్బుపొడి వేసి అరగంటకు తక్కువ కాకుండ మరిగింపవలెను. పాత్ర స్టీలుది కావలెను. అల్యూమినియము గిన్నెలో సోడా నీరు మరిగించినచో గిన్నె నల్లబడి చెడిపోవును. వంటకు వాడు పాత్ర అసలే వాడరాదు. మరిగిన తరువాత జారుదనము పోవువరకు మంచినీటిలో జాడింపవలెను. నూలు, పాలియెస్టరు కలిసిన బట్టకును ఈ పద్ధతి చెల్లును. నిండు పాలియెస్టరుకు వేడినీరు, సబ్బుపొడి చాలును, దానిపై ఉన్నది నూనె జిడ్డే గాని సాధారణముగా గంజి కాదు. రేయాన్‌ను మాత్రము మరిగింపవద్దు. తడిసినప్పుడు రేయాన్ పోగు బలము తగ్గునని దానిని నేసినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఏ బట్ట ఏదో సందేహము వచ్చినచో ఎప్పటి పరీక్షయే: రెండు పోగులు లాగి కాల్చి చూడవలెను. నూలు కాగితమువలె కాలి బూడిద అగును, పాలియెస్టరు కరిగి గట్టి పూసగా మారును.

శుద్ధి అయినదో లేదో తెలిసికొనుటకు ఒక నీటిచుక్క చాలును. ఆరిన బట్టపై చుక్క వేసిన వెంటనే ఇంకినచో బట్ట సిద్ధము. పూసవలె నిలిచినచో మరల మరిగింపవలెను. ఇంకను రూఢి కావలెనన్నచో మందుల దుకాణములో దొరకు టింక్చర్ అయోడిన్ ఒక చుక్క నీటిలో కలిపి, ఒక మూల అంటించి చూడుడు. గంజి మిగిలియున్నచో అక్కడ నీలి నలుపు తేలును. ఆ మూలను తరువాత కత్తిరించివేయవచ్చును. కోరా నూలుబట్ట మొదటి తడుపులో కుదించుకొనును గనుక, కొలతకు కత్తిరించుట ఎప్పుడును శుద్ధి అయిన తరువాతనే. మా పన్నెండు గలీబులు ఊడిపోక నిలిచియున్నను, కుదించుకొని దిండుకు పట్టకపోయెడివేమో.

ఇక రంగు సంగతి. అక్రిలిక్ అనగానే మనవారికి స్వెట్టరు నూలు గుర్తుకు వచ్చును. పేరు ఒకటే, కుటుంబము ఒకటే, వస్తువులు వేరు. రంగు డబ్బాలో ఉన్నది మెత్తగా నూరిన రంగుపొడి, నీరు, ఆ నీటిలో పాలవలె కలిసియున్న అక్రిలిక్ జిగురు. నీరు ఆరిపోగానే జిగురు కణములు ఒకదానికొకటి అంటుకొని సాగు గుణముగల పొరగా మారును. ఆ పొర మరల నీటిలో కరుగదు. పాలియెస్టరు పడుగుకు సైజింగులో వాడు అక్రిలిక్ జిగురు, అద్దకపు మిల్లులలో పిగ్మెంటు అచ్చుకు వాడు బైండరు, ఇవన్నియు దగ్గరి చుట్టములే. జర్మనీలో ఆటో రోమ్ అను శాస్త్రజ్ఞుడు 1901లో ఈ పదార్థములపై పరిశోధన చేసినాడు. చిత్రకారులకు నీటితో కలుపుకొను అక్రిలిక్ రంగులు దొరికినది 1950ల నడుమనే. తైలవర్ణ చిత్రకళ వయసుతో పోల్చినచో ఇది నిన్నటి బిడ్డ.

ఈ రంగు రెండు గుణములను మొదటిరోజే తెలిసికొనవలెను. ఒకటి, త్వరగా ఆరును. వేసవిలో ఫ్యాను క్రింద కూర్చున్నచో పళ్లెములోనే గట్టిపడును. రెండు, తడిగా ఉన్నప్పటికంటె ఆరిన తరువాత కొంచెము ముదురుగా కనబడును. తడి జిగురు తెల్లగా ఉండి, ఆరినప్పుడు గాజువలె తేట అగుటయే దీనికి కారణము. కావున కలిపిన రంగును ముందు ఒక చిందీ ముక్కపై రాచి, ఆరనిచ్చి, అప్పుడు నచ్చినదో లేదో చెప్పవలెను.

వేయదలచినది గోడకు తగిలించు బొమ్మయా, ఉతికి వాడు బట్టయా అన్నది ముందే తేల్చుకొనవలెను. రెండిటికి దారులు వేరు, మన తెలుగుదేశములోనే రెండు దారులకును పెద్దలు ఉన్నారు. చేర్యాల నకాషీవారు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపిన పూతను పొరలుగా పూసి, గోడవలె నునుపుచేసి, దానిపై బొమ్మ వేయుదురు. మన కూనపులివారు ఊరూర విప్పి చూపుచు మార్కండేయ పురాణము, భావనాఋషి కథ చెప్పిన పటములు అట్టివే. ఆ పటము చుట్టబడును, విప్పబడును గాని ఉతుకబడదు. శ్రీకాళహస్తి కలంకారీవారి దారి వేరు. వారు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టి, కలము పెట్టినప్పుడు రంగు ప్రాకకుండ చేసికొందురు. బట్ట బట్టగానే ఉండును, కట్టుకొనవచ్చును, ఉతుకవచ్చును.

అక్రిలిక్‌లోను ఇదే భేదము. గోడబొమ్మకైనచో శుద్ధిచేసిన బట్టను చెక్క చట్రమునకు బిగించి, జెస్సో అను తెల్లని పూతను రెండుమార్లు పూసి, ఆరిన తరువాత మామూలు అక్రిలిక్ రంగులు వేయవలెను. ఉతుకు బట్టకైనచో జెస్సో పూయరాదు, అది మడతలలో పగులును. బట్టకని వేరుగ అమ్ము అక్రిలిక్ రంగులనో, లేక మామూలు రంగులో బట్ట మీడియము కలిపియో వాడవలెను. కొత్తవారు గోడబొమ్మతో ఆరంభించుట మేలని నా అభిప్రాయము. పూత పూసిన బట్టపై తప్పు దిద్దుకొనవచ్చును. ఉత్త బట్టపై పడిన చుక్క పడినదే.

కావలసినవి ఎక్కువ లేవు. క్యామెల్, ఫెవిక్రిల్ వంటివి భివండి స్టేషనరీ దుకాణములలో దొరకును. ఇరువదినాలుగు రంగుల పెట్టె కొనవద్దు. పసుపు, ఎఱుపులో క్రిమ్సన్, నీలములో అల్ట్రామెరైన్, తెలుపు, ఇటుక గోధుమ వంటి బర్న్ట్ సియెనా, ఈ అయిదు చాలును. కరీంనగర్ ప్రాంతమునుండి వచ్చిన తోట వైకుంఠముగారు అక్రిలిక్‌తో వేసిన తెలంగాణ స్త్రీల బొమ్మలు చూచినవారికి, గట్టిగా పలుకు కొద్ది రంగులతో ఎంత పని జరుగునో తెలియును. కుంచెలు మూడు: సన్నని గుండ్రనిది ఒకటి, నడిమి గుండ్రనిది ఒకటి, వేలెడు వెడల్పు చదునుది ఒకటి. నైలాను వెంట్రుకలవే కొనవలెను, ఖరీదైనవి వద్దు. నీటికి రెండు డబ్బాలు, ఒకటి కడుగుటకు, రెండవది తేటగా కలుపుటకు. రంగు పళ్లెమునకు బదులు పాత టిఫిను డబ్బా మూతలో తడి నూలుగుడ్డ పరచి, దానిపై పలుచని వెన్నకాగితము వేసి, రంగులు అక్కడ పెట్టుకొన్నచో గంటలకొలది ఆరవు. డబ్బా మూసి రాత్రికి దాచవచ్చును కూడ.

కుంచెను గురించి ఒక్క మాట. అక్రిలిక్ కుంచెలో ఆరినచో కుంచె చచ్చినది. పని నడుమ వంటింటికి పోయినను కుంచెను నీటిలో ఉంచి పోవలెను, పని ముగియగానే సబ్బుతో కడిగి, మొన సవరించి, పడుకోబెట్టి ఆరనీయవలెను.

సాంచాల ప్రక్కనే ఇల్లు ఉన్నవారు ఇంకొకటి గమనింపవలెను. సాంచాలనుండి లేచు దూది పొట్టు తడి రంగుమీద వాలి అంటుకొనును, ఆరిన తరువాత ఊడదు. దగ్గర సాంచాలు నడుచు సమయమున తలుపు మూసి వేయుడు, లేదా రంగు ఆరువరకు బట్టపై తాకకుండ ఒక అట్టపెట్టె బోర్లించుడు. జూన్ నుండి సెప్టెంబరు వరకు మన వానలలో పైపొర ఆరినట్లు కనబడియు లోన తడి ఉండును. మడిచిపెట్టినచో ఒక పువ్వు మరొక పువ్వుకు అంటుకొనిపోవును.

ఇప్పుడు పువ్వు దగ్గరకు వత్తము. మా వీధిలో ఎనిమిదేండ్ల పాప ఒకతె తంగేడు పువ్వు వేసినానని తెచ్చి చూపినది. ఎఱ్ఱని పువ్వు, గుండ్రని రేకులు, నడుమ పసుపు చుక్క. ఆ పిల్ల ప్రతి సంవత్సరము మా వీధిలో బతుకమ్మ ఆడును. తంగేడు పేరు పాటలో పాడును. కాని ఆ పువ్వును ఒక్కసారియు చూడలేదు. ఇక్కడ మా బతుకమ్మలో ఎక్కువగా పేర్చునది బంతి, చామంతి. ఊరినుండి ఎవరైన తెచ్చిన సంవత్సరమే తంగేడు. తెలంగాణము 2014లో రాష్ట్రమైన తరువాత రాష్ట్రపుష్పముగా ఎంచుకొన్న పువ్వు ఎఱ్ఱగా ఉండునో పచ్చగా ఉండునో మన పిల్లకు తెలియలేదు. ఆమెను ఏమని తప్పుపట్టుదుము? నాకే సిగ్గు వేసినది.

చూడని పువ్వును వేయరాదు. ఇది మొదటి సూత్రము. చూచిన పువ్వునైనను జ్ఞాపకమునుండి వేయరాదు, ఎదుట పెట్టుకొని వేయవలెను. సెల్‌ఫోనులోని ఫోటో చూచి వేయుట తప్పు కాదు. కాని ఫోటో ఒక్కవైపు మాత్రమే చూపును, చేతిలోని పువ్వు వెనుకభాగమును, తొడిమను, రేకు ఎక్కడ పుట్టినదో కూడ చూపును. అందుచేత తొలి పాఠమునకు తంగేడు కాక బంతి తీసికొనుడు. ప్రతి పూల బండిమీద దొరకును, రెండు రోజులు వాడదు.

రెండు బంతిపువ్వులు కొని, ఒకటి నీటిలో ఉంచి, రెండవదానిని విప్పుడు. రేకులు బయటివి పెద్దవి, లోపలివి చిన్నవి, నడుమ ఇరుకుగా ఒత్తుకొని ఉండును. మన కంటికి పోగులు లెక్కించు అలవాటు ఉన్నది, అంగుళమునకు ఎన్ని పోగులో అద్దము లేకయే చెప్పువారు మనలో ఉన్నారు. ఆ కన్ను ఇక్కడ పనికివచ్చును.

అయితే ఆ కన్నే ఒక చెడుగు కూడ చేయును. నేను చూచిన మన ఇండ్లవారి తొలి బొమ్మలలో సగము ఒకే తీరు: రేకులన్నియు ఒకే కొలత, ఒకే దూరము, కుడి ఎడమలు అద్దములోవలె. డాబీ డిజైను వేసినట్లు. మగ్గముపై ఒక పువ్వు మరొక పువ్వు వలె లేనిచో అది తప్పు, దానికి కోత పడును. చెట్టుమీద ఒక పువ్వు మరొకదానివలె ఉండనే ఉండదు. ఒక రేకు మడతపడియుండును, ఒకటి పురుగు కొట్టియుండును, ఒకటి వెనుకకు తిరిగి సన్నగా గీతవలె కనబడును. ఆ ఎగుడుదిగుడులే దానిని పువ్వుగా చూపును. “నా పువ్వు పువ్వులా ఎందుకు లేదు” అన్న ప్రశ్నకు పదింట ఎనిమిది సమయములలో సమాధానము ఇదే. బల్లబట్ట అంచునకు తీగ వేయునపుడు మాత్రము మన కొలత, మన లెక్క చక్కగా పనికివచ్చును, దానిని వదలుకొనవద్దు.

వేయు విధము. పెన్సిలుతో గీయవద్దు, నల్లని గీత పసుపు క్రిందనుండి తొంగిచూచును. పసుపులో చిటికెడు సియెనా కలిపి, నీటితో పలుచన చేసి, సన్న కుంచెతో ఆకారము మాత్రము గుర్తించుడు. బంతి నిలువుగా చూచినచో వృత్తము కాదు, కొంచెము నొక్కిన లడ్డువలె ఉండును. ఆకారము లోపల ముందు పలుచగా తెలుపు పూయుడు. పసుపు రంగు చాల భాగము తేటరంగు, అడుగున ఉన్నది కనబడనిచ్చును. కోరా బట్ట మీగడరంగు దాని క్రిందనుండి కనబడియే పసుపు మురికిగా తోచును. అడుగున తెలుపు ఉన్నచో పసుపు వెలుగును.

తెలుపు ఆరిన తరువాత పసుపులో కొద్దిగా క్రిమ్సన్ కలిపి వచ్చిన నారింజ వన్నెను ఆకారమంతట ఒకే తీరుగా వేయుడు. రేకులు ఇప్పుడే కాదు. వెలుతురు ఏ వైపునుండి వచ్చుచున్నదో చూచి, దానికి ఎదురువైపున, క్రిందుగా నీడ వేయవలెను. ఇక్కడ కొత్తవారందరు నలుపు కలుపుదురు. పసుపులో నలుపు కలిపినచో ఆకుపచ్చ వచ్చును, పువ్వు కుళ్లినట్లు కనబడును. నీడకు అదే నారింజలో సియెనా, ఇంకొంచెము క్రిమ్సన్ కలుపుడు. మరీ లోతైన నీడకు గోరంత నీలము. అసలు పెట్టెలో నలుపే లేకపోవుట మేలని అందుకే అయిదు రంగులలో దానిని చెప్పలేదు.

ఇప్పుడు రేకులు. నడిమి కుంచెను రంగులో ముంచి, బట్టపై ఆనించి, నొక్కి, దగ్గరకు లాగుచు లేపినచో ఒక్క దెబ్బకు ఒక రేకు పడును. దీనిని ఫెంటు ముక్కపై వందసార్లు చేయుడు. వందసార్లని లెక్కకు చెప్పుచున్నాను, అలంకారమునకు కాదు. చేయి తిరిగిన తరువాత పువ్వుపై బయటి వరుసతో మొదలుపెట్టి లోపలికి వరుస వరుసగా రండు. లోపలికి వచ్చుకొలది రేకు చిన్నది కావలెను, దగ్గర కావలెను. నీడవైపు రేకులకు ముదురు రంగు, వెలుతురువైపు రేకులకు పసుపులో తెలుపు. ఈ చివరి వెలుగు రేకులు ఏడెనిమిదికి మించరాదు. అన్ని రేకులకు వెలుగు పెట్టినచో ఏ రేకుకును వెలుగు ఉండదు. ఆకులకు పసుపు, నీలము కలిపి, దానిలో కొంచెము ఎఱుపు వేసినచో ప్లాస్టిక్ పచ్చదనము పోయి ఆకు పచ్చదనము వచ్చును. బంతి ఆకు ఈకవలె చీలి, అంచున రంపపు పండ్లతో ఉండును. మామిడాకు వేసి బంతి క్రింద పెట్టవద్దు.

ఉతుకు బట్టపై వేయునపుడు నీరు మరీ తక్కువ వాడవలెను. నీరు ఎక్కువైనచో రంగు పడుగు పోగు వెంట కొంత, పేక పోగు వెంట కొంత ప్రాకి, ప్రతి చుక్క చుట్టు శిలువ ఆకారమున మీసములు మొలచును. పైగా నీరు ఎక్కువైనకొలది జిగురు పలచబడి, పొర బలము తగ్గును.

బంతి వచ్చిన తరువాత గునుగు. కుంచెలో నీరు దాదాపు లేకుండ, రంగు కొద్దిగా తీసికొని, చిందీపై తుడిచి, మిగిలిన దానితో క్రిందినుండి మీదికి విదిల్చినట్లు గీచినచో గునుగు కంకి నూగు తానే వచ్చును. క్రింద వెండి తెలుపు, మొన దగ్గర లేత గులాబి. దీనికి అరగంట పట్టదు, పిల్లలకు బాగుగా నచ్చును. అటుతరువాత తంగేడు. అయిదు రేకులు, అంచులు ముడుతలుపడి, రేకుపై సన్నని ఈనెలు, నడుమ కేసరములు వంగి ముందుకు పొడుచుకొని వచ్చును. ఆకు ఈనెకు ఇరువైపుల జతజతలుగా చిన్న ఆకులు. బతుకమ్మకు ఊరు పోయివచ్చువారు ఒక కొమ్మను తడిగుడ్డలో చుట్టి తెచ్చినచో వీధికంతటికి పాఠమగును. మా వీధి పాపకు అట్లే తెప్పించినాము. ఆమె రెండవ తంగేడు పసుపుపచ్చనిదే. కొమ్మ దారిలో నలిగి ఒక రేకు చిరిగియుండగా, ఆ చిరుగును కూడ వేసినది.

వేసిన బట్టను ఒక పూర్తి దినము ఆరనిచ్చి, తలక్రిందులు చేసి, వెనుకవైపున పొడి ఇస్త్రీ మూడు నాలుగు నిమిషములు చేయవలెను. నూలుకు తగినంత వేడి, పాలియెస్టరు కలిసినచో తక్కువ వేడి. అటుపిమ్మట మూడు రోజులు తడుపరాదు. డబ్బాపై వేరు గడువు వ్రాసియున్నచో దానినే పాటింపుడు. ప్రతి తాకానుండి ఒక జానెడు ముక్కపై అదే రంగులతో ఒక రేకు వేసి, పైన తేదీ వ్రాసి, దానిని ముందుగా అయిదు మార్లు ఉతికి చూచుకొన్న తరువాతనే ఇతరులకు సరుకు ఇవ్వవలెను. ఆ పన్నెండు గలీబుల తరువాత మా ఇంటిలో ఈ నియమము తప్పలేదు.

దీనితో ఎంత వచ్చునని అడుగువారు ఉన్నారు. బల్లబట్టకు పట్టిన గంటలు వ్రాసియుంచి, ఆ గంటలకు సాంచా దగ్గర వచ్చు కూలితో పోల్చి చూచుకొనుడు. మొదటి ఆరు నెలలు చాలమందికి కూలి గిట్టదు. రంగు ఖర్చు మాత్రము లెక్కించి తన చేతిపనిని లెక్కించని అమ్మ తన సొమ్మునే ఇతరులకు ఇచ్చుచున్నది. “మా దగ్గర డిపాజిట్ కట్టి నేర్చుకొండి, వేసినదంతయు మేమే కొందుము” అనువారు వచ్చినచో, ముందు సరుకు కొని చూపుమని అడుగుడు, డిపాజిట్ మాట తరువాత.

చివరకు తామర. మన కులమునకు పేరు ఇచ్చిన పువ్వు గనుక, భావనాఋషి తామర తూడు నారతో దేవతలకు బట్ట నేసినాడన్న కథ విని పెరిగినవారము గనుక, చాలమంది తామరతోనే మొదలుపెట్టెదమందురు. వద్దు. తామర రేకు మొన గులాబి, మొదలు తెలుపు, నడుమ ఎక్కడ మారినదో తెలియదు. త్వరగా ఆరు రంగుతో ఆ మార్పు తెచ్చుట కష్టము. చేయి కుదిరిన తరువాత చదును కుంచె ఒక మూల తెలుపు, మరొక మూల గులాబి ముంచి, ఒక్క దెబ్బకు రేకు లాగవలెను. తడి ఆరకముందే తేమ కుంచెతో నడుమ ఒకసారి మాత్రము తడిమి వదలవలెను, రెండవసారి తాకినచో చారలు పడును. దీపావళి లక్ష్మీపూజకు ముందు దాదర్ పూల బజారులో తామర మొగ్గలు దొరకును. కల్యాణ్ పోయి లోకల్ ఎక్కినచో చాలును. రెండు మొగ్గలు తెచ్చి, ఒకటి పూజకు ఉంచి, రెండవదాని రేకులను ఒక్కొక్కటే వేలితో మెల్లగా వెనుకకు వంచి, నీటిగిన్నెలో నిలిపి, దాని ఎదుట కూర్చుండుడు.